భోజనమయ్యాక మూడు గంటలు

మా పోర్తోపీనో తీరంలో పిల్లలకి ఎర్సీలియా మామ్మ మాటే చట్టం. పాస్తా తిన్నవాడు మూడు గంటలదాకా నీళ్ళలో దిగకూడదు. దానిమీద చేపల వేపుడు కూడా తినివుంటే మరో అరగంట. వట్టి పండు తింటే గంట చాలు. ఐస్‌క్రీమ్ విషయంలో మాత్రం ఆవిడకే కాస్త అనుమానం. అందుకని ఆ రోజు ఎండను బట్టి తీర్పు చెప్పేది. పిల్లలు ఊరుకుంటారా, ప్లీడర్లకి తీసిపోకుండా వాదించేవారు.

"మామ్మా, నేను సగమే తిన్నాను. మిగతా సగం చెల్లికి పెట్టేశాను."

"అయితే నీకు గంటన్నర, దానికి నాలుగున్నర. వెళ్ళి దానికి చెప్పిరా, నీ వీపు విమానం మోత మోగిస్తుంది."

ఆగస్టు వచ్చిందంటే మిలానో, తొరీనో పట్నాల నుంచి కుటుంబాలు కారు నెత్తిన సామాను కట్టుకుని, ఇల్లు మారుతున్నట్టు దిగిపోతాయి. పోయినేడు ఏ గొడుగు కింద కూర్చున్నారో ఈ ఏడూ దాని కిందే కూర్చోవాలి, లేకపోతే గొడుగులు అద్దెకిచ్చే ఓరెస్తెకి మూడినట్టే. అతనివి ఎనిమిది వరుసల నీలం గొడుగులు. ఒంటిగంటకి అందరూ డబ్బాలు విప్పి సుష్టుగా తింటారు, ఆపైన పెద్దవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ వాలిపోతారు. అప్పటినుంచి నాలుగింటిదాకా పిల్లల బాధ్యత ఎర్సీలియాది. శీతాకాలమంతా చొక్కాల కార్ఖానాలో ఇస్త్రీపెట్టె తోసిన మనిషి, వేసవి వచ్చేసరికి రెల్లు పందిరి కింద ముప్ఫైమందిని చుట్టూ కూర్చోబెట్టుకునేది. నలభై ఏళ్ళుగా ఇదే వరస. ఇస్త్రీ పని మానేసి పుష్కరమైంది గానీ పందిరి మానలేదు.

ఆ మూడు గంటలూ ఆవిడ పిల్లల్ని ఊరికే కూర్చోనిచ్చేది కాదు. ముందు గోళీల పందెం. కాస్త పిర్రలు బరువున్నవాణ్ణి ఎంచి, రెండు కాళ్ళూ పట్టుకుని తడి ఇసుకలో మెలికలు మెలికలుగా ఈడిస్తే గోళీలకి దారి తయారు. ఈడ్పించుకునే వాడికి అది పెద్ద పదవి, దానికోసం కొట్టుకునేవారు. తర్వాత గవ్వలకి బెజ్జాలు పెట్టి దండలు కట్టడం. ఆ తర్వాత పేకాట, అందులో మామ్మ నిస్సిగ్గుగా తొండి చేసేది. పండగనాడు ఇసుక కోటల పోటీ పెడితే, కట్టింది పిల్లలైనా గెలుపోటములకి తండ్రులు పోట్లాడుకునేవారు.

ఆవిడకి పెళ్ళి కాలేదు. ఒకసారి కార్ఖానాలో మేస్త్రీ అడిగాడు, మంచివాడే. "నాకు పిల్లలు పుడితే వాళ్ళకి అన్నం పెట్టడానికి నాకు చెయ్యాడదు" అని చెప్పేసింది. అతనికి అర్థం కాలేదు. ఊళ్ళో పాతవాళ్ళకి మాత్రం అర్థమైంది.

అరవై రెండేళ్ళ కిందటి మాట. ఎర్సీలియాకి తొమ్మిదేళ్ళు, తమ్ముడు నెల్లోకి ఆరు. ఒక ఆదివారం వాళ్ళమ్మ ఆర్జియా ఇద్దర్నీ సముద్రానికి తీసుకొచ్చింది. రొట్టె, ఆమ్లెట్టు, ఒక పుచ్చకాయ తెచ్చుకున్నారు. తన వాటా తినేశాక నెల్లో ఇంకా ఆకలి అన్నాడు. అక్క తన రొట్టె వాడికి పెట్టేసింది. పది నిమిషాల తర్వాత వాడు నీళ్ళలో దిగాడు, మళ్ళీ తనంతట తాను ఒడ్డుకి రాలేదు. కడుపునిండా తిని దిగాడు, తిన్నది అడ్డం పడింది అన్నారు అందరూ. ఆ తర్వాత ఏటా నెల్లో పోయినరోజున చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చోగానే ఆర్జియా అదే మాట అనేది. "ఆ రొట్టె పెట్టకపోయుంటే..." అని ఊరుకునేది. తల్లి చచ్చిపోయేదాకా ఎర్సీలియా ఆ మాట పడింది. తర్వాత ఎవరూ అనకపోయినా తనే అనుకునేది. పందిరి కింద మూడు గంటలు ఎందుకు పుట్టాయో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఈ కథ జరిగిన ఏడాది, రెండో వరుసలో తొమ్మిదో గొడుగుకి కొత్తవాళ్ళొచ్చారు. తొరీనోలో పిల్లల డాక్టరు జినేవ్రా, ఏడేళ్ళ కొడుకు తోబియా. తండ్రి శనివారాలు మాత్రమే వస్తాడు. మొదటిరోజే తోబియా పళ్ళెం ఖాళీ చేసి, మూతి తుడుచుకోకుండా నీళ్ళలోకి పరిగెత్తాడు. ఎర్సీలియా చెప్పులైనా వేసుకోకుండా కాలే ఇసుకలో పడి పరుగెత్తి, మోకాలిలోతు నీళ్ళలోంచి వాణ్ణి రెక్కపట్టి ఈడ్చుకొచ్చింది. వాడు లబోదిబోమన్నాడు.

"నువ్వు తల్లివేనా? మూతికి టమాటా ఇంకా ఆరలేదు, సముద్రంలోకి తోలేస్తావా?"

జినేవ్రా కొడుకు చెయ్యి మెల్లగా విడిపించింది. "నేను చూస్తూనే ఉన్నానండీ. తిన్నంతమాత్రాన ఎవరూ మునిగిపోరు. అది పాతకాలం నమ్మకం. దానికి రుజువేమీ లేదు."

"రుజువు కావాలా? నేనున్నాను రుజువు!" అని అరిచింది ఎర్సీలియా. గొడుగుల కింద కునుకు తీస్తున్నవాళ్ళంతా లేచి కూర్చున్నారు.

డాక్టరు మాటకి రెక్కలొచ్చాయి. మర్నాడు పందిరి కింద సగంమందే మిగిలారు. మిగతా సగం కేరింతలు కొడుతూ నీళ్ళలో ఉన్నారు. వాళ్ళకేమీ కాలేదు. ఆ సంగతి ఎర్సీలియా కళ్ళారా చూసింది. సంతోషించాల్సింది పోయి ఆవిడకి గుండెల్లో రాయి పడింది.

ఓరెస్తె వచ్చి పక్కన కూర్చున్నాడు. అతనూ ఆ పందిరి కింద పెరిగినవాడే. "ఎర్సీలియక్కా, రోజులు మారాయి. పోనిద్దూ."

"నువ్వు నోరు ముయ్యి. నిన్ను కాళ్ళు పట్టి ఈడ్చిన చేతులివి."

పైకి అలా కసిరింది గానీ, లోపల ఒకటే గోల. డాక్టరు చెప్పింది అబద్ధమైతే ఈ పిల్లలకి ముప్పు. నిజమైతే? నిజమైతే తన రొట్టె నెల్లోని చంపలేదు. ఆ మాట అనుకోవడానికే ఆవిడకి భయమేసింది. ఆశ పెట్టుకున్నాక కాదంటే ఇక తట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఓరెస్తె ఇంకా గొడుగులు తెరుస్తుండగానే ఎర్సీలియా తొమ్మిదో గొడుగు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"డాక్టరమ్మా, ఒక్క మాట. ఆరేళ్ళ పిల్లాడనుకో. తన వాటా తిన్నాడు, అక్క వాటా కూడా తిన్నాడు. పది నిమిషాల్లో నీళ్ళలో దిగాడు. పోయాడు. అక్క పెట్టకపోయుంటే బతికేవాడా?"

జినేవ్రా చేతిలో కాఫీ పక్కన పెట్టేసింది. "మీ తమ్ముడా?"

"ఊఁ."

"ఎక్కడ దిగాడండీ?"

"అదుగో, కాలువ కలిసేచోట."

"అక్కడ ఇప్పుడు ఎర్రజెండా పాతారు కదా. పొద్దుట్నుంచీ ఏమీ తినని పెద్దవాణ్ణయినా అక్కడ నీళ్ళు లాక్కుపోతాయి. రొట్టె చేసిందేమీ లేదు, ఎర్సీలియా గారూ. ఎక్కడైనా నిలబడి చెబుతాను." తర్వాత మెల్లగా అడిగింది. "అప్పుడు పిల్లాణ్ణి ఎవరు చూస్తున్నారు?"

అరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎర్సీలియా కూడా తనని తాను ప్రశ్నించుకోలేదు.

"నేను కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతున్నాను, అమ్మ కడగమంది. అమ్మేమో..." ఆవిడ కాలువ వైపు తిరిగింది. "అమ్మ నిద్రపోయింది."

జినేవ్రా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది.

తర్వాత రెండు రోజులు ఎర్సీలియా తీరానికి రాలేదు. నలభై ఏళ్ళలో జ్వరమొచ్చినా మానని మనిషి. పిల్లలు ఓరెస్తెని కాల్చుకు తిన్నారు, మామ్మేదీ అని. మామ్మ ఇంట్లో తల్లి ఫోటో ఎదురుగా కూర్చుని ఉంది. "నిద్రపోయింది నువ్వు. మోసింది నేను" అని పైకే అంది. ఆ మాట అన్నాక కోపం కట్టలు తెంచుకుంది. తొమ్మిదేళ్ళ పిల్ల నెత్తిన అంత బరువు పెట్టడానికి మనసెలా ఒప్పిందని అడిగింది. నేను పెళ్ళి వద్దన్నప్పుడైనా ఒక్క ముక్క చెప్పలేకపోయావా అని అడిగింది. నన్నడిగితే ఆ రెండు రోజుల కోపానికీ ఆవిడకి పూర్తి హక్కుంది.

మూడోనాడు మధ్యాహ్నం సూపు తాగి బల్లమీద తల వాల్చబోతుంటే కిటికీ పక్కనున్న చెక్క కుర్చీ కనబడింది. తల్లి కుర్చీ అది. మెత్త కూడా లేని నిటారు కుర్చీ. నెల్లో పోయిన దగ్గర్నుంచి ఆర్జియా పగలు నిద్రపోవడం ఎర్సీలియా చూడలేదు. హోటలు దుప్పట్లు ఉతకడానికి తెల్లవారుజామున నాలుగింటికే లేచే మనిషి, భోజనమవగానే ఆ కుర్చీలో కర్రలా కూర్చునేది. కళ్ళు ఎర్రబడి మూతలు పడిపోతుంటే లేచి మొహాన చన్నీళ్ళు కొట్టుకొచ్చి మళ్ళీ కూర్చునేది. ఒక్కోసారి మోచెయ్యి గిల్లుకునేది. పడుకోమంటే నిద్ర రావట్లేదనేది. ముప్ఫై ఏళ్ళు అలా కూర్చుంది. కొడుకు మీద బెంగ కాబోలు అనుకుంది ఎర్సీలియా.

బెంగ కాదు. ఆ రోజు నిద్రపోయింది తనేనని ఆర్జియాకి తెలుసు. మొదటిరోజు నుంచీ తెలుసు. ఆ నిజాన్ని ఒక్కర్తీ మోయలేక, నోటితో అనగలిగినంత కూతురి మీద పెట్టి, అనలేనిదంతా ఆ కుర్చీలో కూర్చుని మోసింది. ఎర్సీలియా బల్లమీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లి మీద కోపం పోలేదు. జాలి మాత్రం ఆగలేదు.

మొహం కడుక్కుని తీరానికి వచ్చేసరికి ఒంటిగంటన్నరైంది. పందిరి కింద మిగిలిన పిల్లలు ఒక్క గంతులో చుట్టుముట్టారు.

"మామ్మా, ఇంకెంతసేపు?"

"దిగండి."

"పాస్తా తిన్నాం మామ్మా!"

"చెవుడా నాకు? దిగమన్నాను. కాలువ వైపు వెళ్ళారో, కాళ్ళు విరగ్గొడతాను."

వాళ్ళు నమ్మలేక ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆవిడ మనసు మారకముందే నీళ్ళలోకి దూకారు. ఎర్సీలియా ప్లాస్టిక్ కుర్చీ లాక్కుంటూ ఒడ్డుకి వస్తుంటే, అక్కడ జినేవ్రా నీళ్ళ అంచున కూర్చుని తోబియాని చూస్తోంది. ఏడాదంతా ఆసుపత్రిలో నిద్రలేని డ్యూటీలు చేసొచ్చిన పిల్ల. తల ముందుకి తూలిపోతోంది, ఉలిక్కిపడి లేస్తోంది, కళ్ళు నులుముకుని మళ్ళీ చూస్తోంది.

ఎర్సీలియా కుర్చీ పక్కనే వేసుకుంది.

"కళ్ళు మూతలు పడిపోతున్నాయి నీకు."

"లేదండీ, మెలకువగానే ఉన్నాను," అంది జినేవ్రా కంగారుగా.

"పడుకోమ్మా. నిద్ర రావడం తప్పేం కాదు. నేను చూస్తున్నాను."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, తువ్వాలు మీద వాలిపోయింది. ఎర్సీలియా నీళ్ళలో తలలు లెక్కపెట్టుకుంటూ నాలుగింటిదాకా అక్కడినుంచి కదల్లేదు.