రంగూన్ నుంచి వచ్చిన ఫోను

కొత్తగూడెంలో నేను ఇంటర్నెట్ సెంటర్ నడిపే రోజుల్లో, బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చేవాడు. కుర్చీ అంచున కూర్చుని, కంప్యూటర్ వైపు కాకుండా నా ముఖంలోకి చూస్తూ, "ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగేవాడు.

ఆయన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడే తండ్రి పెనుబల్లి నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. చనిపోయాడని కొందరు, యుద్ధమయ్యాక రంగూన్‌లో ఉండిపోయాడని కొందరు అన్నారు. తల్లి మాత్రం పోయేదాకా బొట్టు తీయలేదు.

బర్మా తెలుగువాళ్ళ వెబ్‌సైటులో ఆ తండ్రి పేరు రాసిపెట్టాను. కొన్నాళ్ళకు రంగూన్ నుంచి ఒకామె సెంటర్‌కు ఫోన్ చేసింది. పెద్దాయన పక్కనే ఉన్నాడు, స్పీకర్ నొక్కాను.

"మా తాతదీ అదే పేరండీ. పటాలంతో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. భద్రాచలం దగ్గర ఊరని చెప్పేవారు. కానీ అక్కడ ఆయనకి పెళ్ళి కాలేదట."

పెద్దాయన ఫోను మీదికి వంగాడు.

"అయితే మా నాయన కాదు బిడ్డా. మా అమ్మ ఉండె గద." అన్నాడు. మళ్ళీ తనే, "ఆఖరికి ఆయన దగ్గర ఎవరున్నరు?" అని అడిగాడు.

"మేమందరం ఉన్నామండీ."

"మంచిగైంది."

ఆయన బాధపడ్డాడో, ఊరటపడ్డాడో నాకు అంతుపట్టలేదు. మర్నాడు సాయంత్రం నున్నటి గుండుతో వచ్చాడు. భద్రాచలం పోయి గోదావరి ఒడ్డున పిండం పెట్టొచ్చాడట.

"ఎవరికి పెట్టినవ్ పెదనాయనా?"

"యుద్ధంల పోయినాయనకొకటి, రంగూన్ల పోయినాయనకొకటి. ఏది మా నాయనదో గోదారికే తెల్వాలె."