అంచు మింగిన ఫొటో

నాకు నలుపు తెలుపు ఫొటోల పిచ్చి. రంగులుంటే కన్ను మోసపోతుందని జగిత్యాలలో కనబడిన ప్రతివారికీ ఉపన్యాసం దంచేదాన్ని. ఆ పిచ్చితోనే కిందటేడు సిరిసిల్లలో మా మేనత్త ఫొటో తీశాను.

ఆమె కట్టుకున్నది మామయ్య చేతిమగ్గం మీద నేసిన ఆఖరి చీర. మోకాళ్లు సహకరించక ఆయన మగ్గం ఆపేశాడు. దాంతోపాటు మాటలూ ఆపేసినట్టే. అన్నం తిన్నావా అంటే తల ఊపేవాడు. ఆ చీర ఫొటో గోడ మీద ఉంటే ఆయన మళ్లీ మామూలు మనిషి అవుతాడేమోనని అత్తమ్మ ఆశ. అందుకే ఎర్ర చీరకు ఆకుపచ్చ అంచు బాగా కనబడేలా కుచ్చిళ్లు సర్దుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో నిటారుగా నిలబడింది.

కోరుట్లలో తెలిసిన స్టూడియోలో పెద్ద ప్రింటు వేయించి, మురిసిపోతూ తీసుకెళ్లాను. అత్తమ్మ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"అంచేదే బిడ్డా? మీ మామ దినాలకు దినాలు కూసోని నేసిండు. నువ్వు ఒక్క బటన్ ఒత్తి మింగినవ్."

నిజంగానే అంచు లేదు. ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. మామయ్య ఒకసారి చూసి, వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"రంగులల్ల తియ్యరాదు?" అంది అత్తమ్మ. నేను మొండిదాన్ని, ఒప్పుకోలేదు. ఈసారి ఆమెను ఇంట్లో తలుపు పక్కన నిలబెట్టాను. వెలుగు ఒక్క పక్కనుంచే పడింది. అంచులో దారం ఉబ్బెత్తుగా ఉన్న పువ్వులన్నిటికీ సన్నటి నీడలు వచ్చాయి. ఆ నీడలతోనే అంచు కనబడింది.

ఇప్పుడు ఆ ఫొటో వాళ్ల ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్లంతా ముందుగా అడిగేది చీర రంగేంటనే. మామయ్య కుర్చీలోంచి లేస్తాడు. "ఎర్ర చీర, ఆకుపచ్చ అంచు. గా పువ్వు ఎట్ల నేసిన్నో చెప్త, కూసో" అని మొదలుపెట్టాడంటే చేతిలో చాయ్ చల్లారాల్సిందే.

మొన్న వెళ్లినప్పుడు, పోనీ రంగుల్లో కూడా ఒకటి తీయనా అని అడిగాను. అత్తమ్మ నన్ను వంటింట్లోకి లాగి గొంతు తగ్గించింది.

"అద్దు బిడ్డా. రంగు కనవడితే ఇగ ఎవలడుగుతరు? మీ మామ మల్ల మాట్లాడుడు బంద్ చేస్తడు."