బాపు తన మిషిన్ గురించి చెప్పిన మాట

మా బాపు రామన్నపేటల కమ్మరి. ఒక మిషిన్ తయారుచేసిండు; అది కొడవలి వంపును తానే పసిగట్టి, అంచుకు రంపం పండ్ల లెక్క కక్కు కోస్తది. తొమ్మిదేండ్లు పట్టింది. పేటెంట్ కోసం ఇయ్యాల ఫోన్ వీడియో కాల్ మీద విచారణ జరిగింది. మిషిన్ కొత్తదే. కాని ఈ ఉపాయం పని తెలిసినోళ్లకు సులువుగ తట్టేదా, కాదా అన్నది తేలాలె. తట్టేదైతే పేటెంట్ ఇయ్యరు.

ఆఫీసర్ తెలుగాయనే. "పెద్దాయనా, ఇది ఇంకో కమ్మరికి తట్టదంటరా?" అని మర్యాదగ అడిగిండు.

ఎవరన్న మెచ్చుకుంటె తల వంచుకునే మనిషి మా బాపు. చేతులు జోడించి, "నాదేముంది సారూ, పని తెలిసినోడు ఎవడైన చేస్తడు" అన్నడు.

మా వకీలు కండ్లు మూసుకున్నడు. ఆఫీసర్ ఆ మాట రాసుకున్నడు.

ఫోన్ పెట్టేసినంక బాపు నన్ను అడిగిండు, "మంచిగ మాట్లాడిన గదా బిడ్డా?"

"మంచిగ మాట్లాడినవ్ బాపు" అన్న.

ఇంక ఆ పేటెంట్ కాయితం వస్తదని, పటం కట్టి తగిలియ్యాలని, ఇప్పుడు కొలిమి గోడకు మేకు కొడ్తున్నడు. మీ ఇండ్లల్ల గూడ గిసోంటోళ్లు ఉంటె జర చెప్పుండ్రి, ఆయన చేతుల సుత్తె నేనెట్ల ఆపాలె?