మా ప్లీడరు గారు ఓడిపోయిన రోజు

నా చిన్నప్పుడు, ఎనభైలలో, మా ఇంట్లో దేవుడి తర్వాత అంత మాట చెల్లేది ప్లీడరు గారిదే. మా మిరప చేలోకి వెళ్లే బండిదారిని పై చేను ఆసామి దున్నేసి, అడ్డంగా ముళ్లకంప వేశాడు. దాని మీద మా దావా నడిపేది ఆయనే. ఆయన కోర్టులో లేచి నిలబడితే ఎదుటి వకీలుకు నోరెండిపోతుందని నాన్న గొప్పగా చెప్పేవాడు.

దారి లేని చేను ఎంత నరకమో మోసినవాళ్లకే తెలుసు. పండుమిరపకాయలు గంపలకెత్తుకుని, జారే గట్టు మీదుగా అమ్మా, నాయనమ్మా కల్లం దాకా నెత్తిన మోసేవాళ్లు. సాయంత్రానికి వాళ్ల మెడలు ఘాటుకు మండిపోయేవి.

అంతలో ప్లీడరు గారు పార్లమెంటుకు నిలబడ్డారు. మనవాడు ఎంపీ అయితే ఆ కంప దానంతటదే లేచిపోతుందని ఊరంతా అనుకున్నారు. నాన్న చేను వదిలేసి, ప్రచారం జీపు వెంట తిరిగి గొంతు పోగొట్టుకున్నాడు. ఆయన గెలిచి ఢిల్లీ వెళ్లారు. మా కేసు ఆయన జూనియరు చేతికి వెళ్లింది. ఆ మహానుభావుడికి వాయిదా అడగడం తప్ప ఇంకో విద్య రాదు.

ఎంపీ గారు వచ్చినప్పుడల్లా నాన్న పరిగెత్తేవాడు. ఆయన నాన్న భుజం మీద చెయ్యి వేసి, కోర్టులో ఉన్న విషయంలో తాను వేలు పెట్టకూడదని ఉన్నమాటే చెప్పేవారు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకుందుము. మంచివాడు కావడమే మా ఖర్మ. అమ్మ నెత్తి మీద గంప మాత్రం దిగలేదు.

మళ్లీ ఎన్నికలొచ్చాయి. నాన్న మళ్లీ జీపెక్కాడు. ఈసారి ప్లీడరు గారు ఓడిపోయారు. రేడియోలో ఆ వార్త విని నాన్న అన్నం ముట్టలేదు. నాయనమ్మ మాత్రం పొయ్యి మీద పరమాన్నం పెట్టింది.

"ఏందమ్మా ఇది? మనోడు ఓడిపోతే పండగ చేస్తావా?" అని నాన్న అరిచాడు.

"గొంతు చించుకోమాకురా. ఆయన ఢిల్లీలో కూర్చుంటే మన దారెవడు తెస్తాడు? అందుకే నేను ఓటు ఆయనకెయ్యలా," అంది నాయనమ్మ, గరిటె తిప్పుతూనే.

తర్వాతి వాయిదాకు ప్లీడరు గారు పాత నల్లకోటు వేసుకుని మా తరఫున లేచి నిలబడ్డారు. మరుసటి కోతల నాటికి కంప పోయింది. మిరప బండి మీద నాయనమ్మ దొరసానిలా కూర్చుని కల్లానికి వచ్చింది. అన్నేళ్లు వృథాగా మోసిన గంపలు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మొన్న మా వీధి డాక్టరు గారిని ఎన్నికల్లో నిలబెడుతున్నామని కుర్రాళ్లు మా ఇంటికి వచ్చారు. వేళకాని వేళ పిలిచినా వచ్చి నాడి చూసే మనిషి ఆయన. ఆయనంటే నాకు ప్రాణం. అందుకే నా ఓటు ఆయనకు వేయనని చెప్పి పంపించేశాను.