బైండరు అన్నయ్య రెండు ప్రశ్నలు

రెండు ప్రశ్నలు అడగకుండా పుస్తకాలకి అట్టలు కట్టే మా వీధి బైండరు అన్నయ్య ఏ వస్తువునూ ముట్టుకోడు. ఒకటి, "ఇది ఎన్నేళ్ళకి?" రెండోది, "వద్దనుకుంటే తిరిగి ఎంతకి అమ్ముకోవచ్చు?" గొడుగైనా, గుమ్మడికాయైనా ఒకటే వరస.

పళ్ళ డాక్టరు కట్టుడు పళ్ళు పెట్టి అద్దం చూపిస్తే, అన్నయ్య అద్దం చూడలేదు.

"ఎన్నేళ్ళకి డాక్టరుగారూ?"

"మీరున్నన్నాళ్ళూ ఉంటాయి."

"ఆ తర్వాత అమ్మితే?"

డాక్టరు ఆ రోజు ఇంకెవరి నోరూ తెరిపించలేదట.

దర్జీ కూతురిని చూడటానికి పెళ్ళివారొస్తే పెద్దమనిషి కదా అని అన్నయ్యని పిలిచారు. పెళ్ళికొడుకును ఎగాదిగా చూసి, "అబ్బాయి బాగానే ఉన్నాడు. ఎన్నేళ్ళకి?" అన్నాడు. రెండో ప్రశ్న బయటికొచ్చేలోపు నేను ఆయన నోట్లో బిస్కట్టు కుక్కాను కాబట్టి ఆ సంబంధం నిలిచింది.

ఇంత పిసినారి మనిషికి ఆదివారం వస్తే మాత్రం ఇస్త్రీ చొక్కా, తలకి నూనె. పెద్ద హోటళ్ళలో టైమ్‌షేర్ మీటింగులకు పోయేవాడు. సముద్రం ఒడ్డున గది. ఇప్పుడు డబ్బు కట్టేస్తే ఏటా ఒక వారం ఆ గది మీదేనంటారు. వచ్చినవాళ్ళకి భోజనం పెట్టి, ఒక సూట్‌కేసు ఇచ్చి పంపుతారు. ముసలాయన తిండికీ, సూట్‌కేసుకీ తిరుగుతున్నాడని వీధంతా నవ్వింది. ఎక్కువ నవ్వింది నేనే. దాచడమెందుకు?

ఒక శనివారం అన్నయ్య మా గుమ్మంలో నిలబడి కాళ్ళు మార్చుకుంటున్నాడు.

"చెల్లెమ్మా, రేపొక్క పూట నా భార్యగా రావాలి."

"ఏమిటీ?"

"దంపతులైతేనే రానిస్తారమ్మా. మీ వదిన లేదాయె. పోయినసారి మా అన్నగారి భార్యని తీసుకెళ్ళాను. ఆవిడని గుర్తుపట్టేశారు."

లోపల పడుకున్న మా ఆయన, "తీసుకుపో బావా. సాయంత్రానికి తెచ్చెయ్," అని అటు తిరిగి పడుకున్నాడు. నలభై ఏళ్ళు బస్సు నడిపి ఊళ్ళో జనాన్నంతా సముద్రానికి చేరవేసిన మనిషి. నన్ను మాత్రం ఒక్కసారీ ఎక్కించుకోలేదు. అడిగితే, "నువ్వు టిక్కెట్టు తీసుకోవుగా," అనేవాడు.

నేను వెళ్ళాను. ఆ హాల్లో ఏముందో చూడకపోతే నాకు నిద్ర పట్టదు.

చల్లని గది, మెత్తని కుర్చీలు, గోడంత తెర మీద సముద్రం. టై కట్టుకున్నాయన మా బల్ల దగ్గర కూర్చుని, "మేడమ్, మీరు జీవితమంతా వండి వార్చారు. మీకోసం ఎప్పుడైనా ఒక్క వారం బతికారా?" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి అమ్మకాలవాడు కావడం చూడండి, అదీ నా అదృష్టం.

మా ఆయన రిటైరయినప్పుడొచ్చిన సొమ్ము నా పేరునే ఉంది. చెక్కు పుస్తకం సంచిలో ఉంది. ఎందుకు పెట్టుకున్నానంటే ఏం చెప్పను? చెయ్యి దానంతటదే సంచిలోకి పోయింది. టై ఆయన కాగితాలు జరిపి, "ఇక్కడ మేడమ్, ఇక్కడ సార్," అన్నాడు. మరొకరి భార్యగా సంతకం పెట్టబోతున్నానన్న స్పృహ కూడా లేదు నాకు. అప్పుడు అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"ఇది ఎన్నేళ్ళకి?"

"ముప్పై మూడేళ్ళకి సార్."

"మా ఆవిడకి అరవై రెండు. ఆఖరి ఏడు తొంభై అయిదేళ్ళ మనిషిని ఇసకలో ఎవరు మోస్తారు? మీరొస్తారా?"

పక్క బల్లల వాళ్ళు ఇటు తిరిగారు.

"వద్దనుకుంటే తిరిగి ఎంతకి అమ్ముకోవచ్చు?"

"ఇలాంటిది ఎవరైనా అమ్ముకుంటారా సార్?"

"నేను అమ్ముకుంటాను. మీ కంపెనీదే, నా దగ్గరొకటుంది. సగం ధరకి తీసుకుంటారా?"

టై ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

"పావు ధరకి? పోనీ, ఊరికే ఇస్తాను. ఇప్పుడే రాసిస్తాను. తీసుకోండి!"

టై ఆయన మంచినీళ్ళు తాగాడు. ఆ బల్ల నుంచొకరు, ఈ బల్ల నుంచొకరు లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. తెర మీద నా సముద్రం ఆరిపోయింది. ఎవరో కరెంటు తీసేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నోరు మూసుకో అన్నయ్యా!" అని అరిచాను.

ఒక భార్య భర్తని అన్నయ్యా అనడం ఆ హోటల్లో అదే మొదలు అనుకుంటాను. మమ్మల్ని చేతులు పట్టుకుని బయటికి నడిపించారు. భోజనం లేదు, సూట్‌కేసూ లేదు.

మర్నాడు కడిగేద్దామని వాళ్ళింటికి పోయాను. ఆయన టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాడు. నన్ను ఒంటరిగా అలమర ముందు కూర్చోబెట్టడం ఎవరి తప్పు? తెరిచాను. ఒక పుస్తకం. ఎర్ర కాలికో గుడ్డ అట్ట, మూలలకి తోలు, పైన బంగారు అక్షరాల్లో వాళ్ళావిడ పేరు. పెళ్ళి ఆల్బమేమో అనుకుని తీశాను. కూడబలుక్కుని చదివితే టైమ్‌షేర్ ఒప్పందం. ముప్పై మూడేళ్ళు. గడిచినవి పద్నాలుగు.

టీ కప్పులతో వచ్చి నిలబడిపోయాడు.

"నిజంగానే ఉందా?"

"హాల్లో అబద్ధమాడాననుకున్నావా?"

"మరి కొనేటప్పుడు చదవలేదా అన్నయ్యా?"

"ముప్పై ఏళ్ళు ఎన్ని వేల పుస్తకాలకి అట్టలు కట్టానో! లోపలిది చదవడం నా పని కాదనుకున్నాను. ఇంటికి తెచ్చిన రోజే చక్కగా కుట్టి, అట్ట వేసి, దాని మీద ఆవిడ పేరు అచ్చు వేశాను. చదవలేదు."

"వదినైనా అనలేదా?"

ఆయన టీలోకి చూశాడు. "ఆ బల్ల దగ్గరే చొక్కా పట్టుకు లాగింది. ఎన్నేళ్ళకో అడగండి, వద్దనుకుంటే తిరిగి అమ్ముకోవచ్చేమో అడగండి అంది. నలుగురిలో పరువు తియ్యకు, ఊరుకో అన్నాను."

గది ఖాళీ లేదన్నారు మొదటి ఏడు. రెండో ఏడు ఆవిడే లేదు. గది ఊడ్చినందుకని ఏటా వచ్చే బిల్లు మాత్రం మానలేదు. ఆయన తర్వాత అది కూతురి మెడకి చుట్టుకుంటుందట.

"మరి ఆ వారం ఏం చేస్తున్నావు?"

"మీటింగులోంచి లేచి వచ్చేసినవాళ్ళలో ఎవరికో ఒకరికి ఇస్తాను. పోయినేడు దర్జీవాళ్ళు వెళ్ళొచ్చారు."

"మన దర్జీవాళ్ళా! నాకు తెలియకుండానా!" అన్నిటికంటే నాకు తగిలిన దెబ్బ అదే.

"ఈ ఏడు నువ్వూ బావా వెళ్ళండమ్మా. వానాకాలం వారమే. ఎవరూ కొననిది, కనీసం ఎవరో ఒకరు పడుకోవాలి కదా అందులో."

వెళ్ళాం. ఏడు రోజులూ వాన. సముద్రం అంట్లు కడిగిన నీళ్ళ రంగులో ఉంది. దాన్ని చూడటానికా అరవై రెండేళ్ళు ఏడ్చాను అనిపించింది. అయినా రోజూ గొడుగు వేసుకుని పోయి చూసొచ్చాను. మా ఆయన కిటికీలోంచి టూరిస్టు బస్సులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు.

తిరిగొచ్చాక ఇంకో హోటలుకి పోయాం, అన్నయ్యా నేనూ. ఈసారి సంచిలో చెక్కు పుస్తకం లేదు, గొంతు మాత్రం ఉంది. ముందు వరసలో ఒక కొత్త జంట పెన్ను మూత తీస్తోంది. అన్నయ్య లేచేలోపే నేను లేచాను. అలా అయిదు హాళ్ళు ఖాళీ చేశాం. ఆరో హోటల్లో కౌంటరు దగ్గరే ఆపేశారు. గోడకి మా ఇద్దరి ఫోటో అంటించి, కింద 'ఈ దంపతులను లోపలికి పంపరాదు' అని రాశారు.

ఆ సంగతి విని మా ఆయన పనిగట్టుకుని వెళ్ళి చూసొచ్చాడు. చెప్పులు విప్పుతూ అన్నాడు: "ఫోటోలో బాగున్నావే. మన పెళ్ళి ఫోటోలో కంటే బావ పక్కనే నవ్వు మొహంతో ఉన్నావు."

"చింపుకు రాలేకపోయావా?"

"అడిగాను. ఇంకో కాపీ ఉందా, ఇంట్లో పెట్టుకుంటాం అని."