పైరైట్ కలపని సీసా

నా భార్యా నేనూ ఒకే ప్రయోగశాలలో పరిశోధన చేశాం. మేం పట్టుకున్నది చాల్కోపైరైట్‌ని. రాగి, ఇనుము, గంధకం కలగలిసిన ఇత్తడి రంగు రాయి అది. వేడి ఆమ్లంలో వేస్తే మొదట కాస్త రాగి దిగుతుంది. అంతలోనే మీద పలుచని పొర కట్టి కరగడం ఆగిపోతుంది. కరగాలంటే రాయి ఎలక్ట్రాన్లు వదలాలి. ఆ పొర వాటికి అడ్డం. ఏళ్లు గడిచినా మాకు అది లొంగలేదు.

ఆమె కాలేయం చెడిందని తెలిశాక మిరుదొడ్డిలో వాళ్లమ్మ దగ్గరికి వచ్చేశాం. సిద్దిపేట దవాఖానకు తీసుకెళ్లి తీసుకొచ్చేవాణ్ణి. మధ్యలో హైదరాబాద్ బస్సెక్కి ప్రయోగశాలకు పోయేవాణ్ణి.

ఒకరోజు మంచంలోంచే అంది: "పైరైట్ పొడి కలిపి చూడు. రెండూ తాకుతుంటే ఎలక్ట్రాన్లు పైరైట్ గుండ పోతయి. గప్పుడు మన రాయి కరుగుతది."

ఇనుము, గంధకం మాత్రమే ఉండే ఆ పైరైట్ పొడి కలిపాను. రాగి దిగి ద్రావణం నీలి ఆకుపచ్చగా మారింది. చిన్న సీసాలో పోసి తెచ్చాను. కిటికీ వెలుగుకు ఎత్తి చాలాసేపు చూసింది. నవ్వింది. నవ్వితే దవడ ఎముకలు తేలాయి.

"పైరైట్ లేకుండ ఇంకోటి పెట్టినవా?"

"పాతవి ఉన్నయి గదా."

"గవి వేరే గనిల రాయి. గీ రాయితోనే పెట్టాలె. లేకుంటే పైరైట్ వల్లనే అని ఎట్ల తెలుస్తది?"

"నిన్ను ఇడిసిపెట్టి ఇప్పుడు పోను."

"అవ్వ ఉన్నది. పోయిరా. నాకు తెలుసుకోవాలని ఉంది."

వెళ్లి అదే రాయితో, పైరైట్ కలపకుండా ఇంకో సీసా పెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి ఆ సీసాలో రంగు రానే లేదు. ఆమె చెప్పిందే నిజం. ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెడుతుండగా అదే మోగింది. అత్తమ్మ ఏడుపు. పక్కింటాయన ఫోన్ తీసుకుని చెప్పాడు.

సీసాకు మూత పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను. ఏం చేయాలో చేతులకు తెలియలేదు.

కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున అత్తమ్మ టీ గ్లాసు నా చేతికిచ్చి పక్కనే కూర్చుంది.

"గంత పట్టువట్టి తోలింది గదా బిడ్డా. అయ్యిందా మరి?"

"అయ్యింది అత్తమ్మా. తను అన్నట్టే అయ్యింది."

ఆమె తల ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గీ మాట దానికెవరు చెప్తరు?"