‘దుంకు’ను తీసేయనివ్వని షాహీన్ టీచర్

నిన్న పొద్దున షాహీన్ అక్క నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. ఏదో కొత్త ఐడియా పంపి ఉంటుందని ఆఫీస్ లిఫ్ట్‌లోనే నవ్వుకుంటూ ఓపెన్ చేశాను.

రాసింది వాళ్లబ్బాయి.
"అమ్మీ ఇంక లేదు అన్నా. తెల్లవారుజామున ఫజర్ నమాజ్ తర్వాత గుండె ఆగిపోయింది."

లిఫ్ట్ నా ఫ్లోర్ దాటి పైకి పోయింది. నేను దిగలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. షాహీన్ అక్కది బోధన్. ఎడపల్లి దగ్గర ఒక ఊరి సర్కారు బడిలో లెక్కల టీచర్. ఆరేళ్ల కిందట, ఇంగ్లీష్ రాక పిల్లలు కంప్యూటర్ ముందు బిక్కమొహం వేస్తున్నారని, తెలుగు మాటలతో ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారు చేసింది. నిజామాబాద్‌లో కోడింగ్ ఉద్యోగం చేసుకునే నన్ను ఏడాదిపాటు ప్రతి ఆదివారం కూర్చోబెట్టి దాన్ని పనిచేసేలా చేయించింది.

స్క్రీన్ మీద చూపించాలంటే ‘సూపియ్యి’.
చేసిందే మళ్లీ చేయాలంటే ‘తిరుగు’.
ప్రోగ్రాంలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి నేరుగా పోవాలంటే ‘దుంకు’.

ఆ దుంకు దగ్గరే మా ఇద్దరికీ పడలేదు.

మా ఫీల్డ్‌లో దాన్ని గోటూ అంటారు. ఎక్కడికంటే అక్కడికి దూకొచ్చు కాబట్టి కోడ్ చిక్కుపడిపోతుంది. ఎవరి కోడ్‌లో అది కనిపించినా చదవకుండానే వెనక్కి పంపేవాణ్ని. పిల్లల భాషలో అసలే వద్దన్నాను.

"దాసిపెడితే రేపు బయట ఇంకెవరన్న సూపిస్తరు తమ్మి. గప్పుడు పక్కన మనం ఉండం" అంది.

నేను భయపడ్డట్టే అయింది.

ఎనిమిదో తరగతి లావణ్య ఒక క్విజ్ రాసింది. అందులో పద్నాలుగు దుంకులు. తనిఖీకి వచ్చిన ఆఫీసర్ ముందు, తల్లిదండ్రుల ముందు, అది ఒకటో ప్రశ్న నుంచి మూడోదానికి, మూడు నుంచి మళ్లీ ఒకటికి తిరుగుతూనే ఉంది. ఆపడం ఎవరివల్లా కాలేదు. చివరికి స్విచ్ ఆపేశారు. లావణ్య తల ఎత్తలేదు. కంప్యూటర్ పీరియడ్లు ఎత్తేసి పరీక్షల రివిజన్ పెట్టుకోమన్నారు ఆఫీసర్.

అక్క లేచి నిలబడింది.
"తప్పు పిల్లది కాదు సార్. ఆ మాట పెట్టింది నేను. ఒక్క నెల టైం ఇయ్యుండ్రి."

ఇష్టం లేకుండానే ఇచ్చారు.

ఇప్పుడైనా తీసేద్దామా అని అడిగాను.

మర్నాడు అక్క బడి గ్రౌండ్‌లో సున్నంతో గుండ్రాలు గీయించింది. లావణ్య ప్రోగ్రాంలో ఒక్కో లైన్‌కు ఒక్కో గుండ్రం. పిల్లలు వరసగా నడవాలి. దుంకు వస్తే అది చెప్పిన నంబర్ గుండ్రంలోకి దూకాలి. పది నిమిషాల్లో ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటున్నారు, చివరి గుండ్రం దాకా ఒక్కరూ చేరలేదు. లావణ్య ముందు సిగ్గుపడింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత నేల మీదే కూర్చొని నోట్‌బుక్ తెరిచింది.

వారంలో తనే తిరగరాసింది. పదమూడు దుంకులు పోయాయి. ఒకటి ఉంచింది. ఆడే పిల్ల మధ్యలో ‘చాలు’ అని కొడితే, ఏ రౌండ్‌లో, ఏ ప్రశ్న దగ్గర ఉన్నా నేరుగా మార్కుల దగ్గరికి తీసుకెళ్లేది అదే.

దాన్నీ తీసి చూపిస్తానని నేను కూర్చున్నాను. తీశాను. కానీ అడుగడుగునా ‘చాలన్నారా, చాలన్నారా’ అని అడిగించాల్సి వచ్చింది. కోడ్ రెట్టింపైంది.

లావణ్య రెండూ పక్కపక్కన పెట్టి చదివింది.
"నాదే అల్కగ సమజైతుంది సార్."

అక్క ఫ్లాస్క్‌లోంచి చాయ్ పోసిచ్చింది.

నెల తర్వాత ఆఫీసర్ వచ్చి ఆ క్విజ్ తనే ఆడారు. పీరియడ్లు ఆగలేదు. ఆఫీసులో నేనూ మారాను. గోటూ కనిపిస్తే, రాసినవాళ్లను పిలిచి ఎందుకు పెట్టారో అడుగుతున్నాను. కొన్నిసార్లు వాళ్లదే కరెక్ట్.

నిన్న సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత బోధన్‌లో అక్కకు మట్టి ఇచ్చాం. తిరిగొచ్చేసరికి అక్క ఇంటి ముందు లావణ్య నిలబడి ఉంది. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. కొత్త టీచర్ వచ్చేదాకా కంప్యూటర్ పీరియడ్లు తానే చెప్తానని హెడ్మాస్టర్‌తో అప్పుడే మాట్లాడేసిందట.

"సోమవారం నుంచి పోతున్న సార్" అంది.

నీ పక్కన కూర్చొని పనిచేశానని చెప్పుకోవడం నాకెంత గర్వమో, బతికుండగా నీకు చెప్పలేదు అక్కా.

ఖుదా హాఫిజ్.
నువ్వు పడుకున్న మట్టి చల్లగా ఉండాలి, నీ మనసు నెమ్మదిగా ఉండాలి.